క్యాసెట్ చివర మిగిలే టేపు

పాటంటే మనవాళ్ళకు మాటలుండాలి. మాటల్లేనిది ఎంత బాగున్నా అది పాటకు ముందొచ్చే మ్యూజిక్కే. ఎనభైల్లో, నరసరావుపేటలో ఒక క్యాసెట్ల కొట్లో పనిచేసేటప్పుడు ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది.

జనం చీటీ మీద సినిమా పాటలు రాసుకొచ్చేవాళ్ళు. వాటిని ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇవ్వడం నా పని. మావాళ్ళంతా వెల్దుర్తిలో ఉండేవాళ్ళు. ఇక్కడ నాకు ఒక అద్దె గది, హోటలు భోజనం. రోజంతా పాటల మధ్యే ఉన్నా, బాగున్నావా అని అడిగే మనిషి ఒక్కరు లేరు. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, గదికి పోతే ఏడుపొచ్చేది.

కొట్లో అటక మీద ఒక చిన్న కీబోర్డు ఉండేది. యజమాని తన కొడుకు కోసం మద్రాసు నుంచి తెప్పించాడు. కొడుకు దాని మొహం చూడలేదు. "దాన్ని ముట్టుకున్నావో, పనిలోంచి తీసేస్తా" అని యజమాని నాకు ముందే చెప్పాడు. ఆయన మధ్యాహ్నం భోజనానికి వెళ్ళగానే నేను చేసే మొదటి పని దాన్ని ముట్టుకోవడమే. డిస్కో, సాంబా, రుంబా అని దానికి మీటలుండేవి. రుంబా ఏ దేశానిదో నాకేం తెలుసు, నొక్కితే దానంతటదే దరువేసేది. ఆ దరువును ఒక టేప్‌రికార్డర్లో పట్టి, దాన్ని మోగిస్తూ పైన నేను వాయిస్తూ రెండోదాంట్లోకి ఎక్కించేవాణ్ణి. డిస్కో నడుస్తుండగా ఖాళీ బిస్కెట్ డబ్బా మీద మా పీర్ల పండగ డప్పు కలిపేవాణ్ణి. కలిపినకొద్దీ టేపులో గరగర పెరిగేది. అయినా నా కాలు ఊరుకునేది కాదు.

బాగానే ఉంది, ఎవరికి వినిపించను? అప్పుడొక దొంగబుద్ధి పుట్టింది. చీటీలో పాటలన్నీ అయ్యాక క్యాసెట్ చివర రెండు మూడు నిమిషాల టేపు మిగిలేది. అందులో నాది ఎక్కించి ఇచ్చేయడం మొదలుపెట్టాను. అలా మాచర్లకు, గురజాలకు, ఎక్కడెక్కడికో పోయాయి. ఎవరో ఒకరు వచ్చి, ఇది చేసిందెవరు అని అడగాలి. నాకు కావలసింది అంతే. ఏడాది ఎదురుచూశాను. ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

చివరికి గురజాల నుంచి మైకుసెట్టు ఆయన వచ్చాడు. పెళ్ళిళ్ళకు పాటలు వేసే పెద్దాయన, నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. యజమాని గల్లాపెట్టె దగ్గరే ఉన్నాడు.

"ఏందబ్బాయ్, చివర్లో ఆ పాట సగమే ఎక్కించావు? పెళ్ళికొడుకు తరపోళ్ళు దానికి డాన్సాడతా చానా ఎగిరారు. పాట ఇప్పుడొచ్చిద్ది, అప్పుడొచ్చిద్ది అని చూస్తావుంటే టక్కున ఆగిపోయె. నా పరువు పోయింది. ఎవరిదది?"

యజమాని తలెత్తి నా వంక చూశాడు.

"బొంబాయి వాళ్ళది బాబాయ్" అన్నాను.

"అదే అనుకున్నా. మనోళ్ళకి యాడ చేతనయిద్ది? మిగతాది తెప్పించు."

ప్రతి వారం వచ్చి, వచ్చిందా అని అడిగేవాడు. రాలేదు బాబాయ్ అనేవాణ్ణి. నా మ్యూజిక్ కోసం అంత దూరం బస్సెక్కి వచ్చే మనిషి, ఆయన మొహంలో మొహం పెట్టి అబద్ధం చెప్పాలంటే నా మీద నాకే అసహ్యం వేసేది. ఒకరోజు యజమాని లేడు. ఇక ఆగలేకపోయాను.

"అది నేను చేసిందే బాబాయ్."

ఆయన నవ్వి నా భుజం తట్టాడు. "దొరకలేదని చెప్పు అబ్బాయ్, కోతలెందుకు?"

కీబోర్డు దించి వాయించి చూపిద్దామంటే, అంతకు నెల ముందే యజమాని దాన్ని చుట్టాలెవరికో ఇచ్చేశాడు. బిస్కెట్ డబ్బా కొడితే నమ్ముతాడా?

"పోన్లే, ఆ ఉన్న ముక్కనే మళ్ళీ మళ్ళీ, రెండు వైపులా నిండేదాకా ఎక్కించి ఇయ్యి" అన్నాడు.

ఎక్కించాను. సినిమా పాట ఒక్కటీ లేకుండా క్యాసెట్ మొత్తం నాదే. లేబుల్ మీద ఏం రాయమంటావని అడిగితే, "బొంబాయి డాన్సు" అన్నాడు. గుండ్రటి అక్షరాలతో, రెండు వైపులా, నా చేత్తో నేనే రాసి ఇచ్చాను.