గోగుకట్టల కింద జెర్రిపోతు

మా పక్కింటి పెద్దమ్మ పోయి పన్నెండు రోజులైంది. నార తీసేసిన గోగుపుల్లల కట్టల్ని పెరట్లో సర్దుతూ పక్కకి ఒరిగిపోయింది. గుండె ఆగిందని చీపురుపల్లి డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. మా ఊరు ఆ కాగితాన్ని నమ్మలేదు. కట్టల దగ్గర ఎవరో పాము తోక చూశారట, అంతే, తీర్పు అయిపోయింది. "పాముల్ని ఎనకేసుకొచ్చినాది, పామే తీసుకెల్లిపోనాది" అని టీ కొట్టు దగ్గర నవ్వుకున్నారు. అలా నవ్వినవాళ్ళు ఇది చదువుతూ ఉంటే, మీ కోసమే రాస్తున్నాను.

ఆవిడ బడి మొహం చూడలేదు. ఊడుపులకీ గోగుకోతకీ కూలికెళ్ళేది. నారుమడిలో వంగి, తలెత్తకుండానే, అరుపు విని, "అది గోండ్రుకప్ప. ఆ సన్నగొంతుది సెట్టుకప్ప" అని చెప్పేసేది. గోగుకట్ట ఎత్తే ముందు కర్రతో నేలని మూడుసార్లు కొట్టి, రెండడుగులు వెనక్కేసి ఆగేది. "ఇల్లు కాళీ సెయ్యండి బాబూ, కప్పు పీకేస్తన్నాం" అనేది. తోటి ఆడకూలీలూ అలాగే ఆగాలి. ఆలస్యమవుతోందని మేస్త్రీ కసిరితే, "అయితే నువ్వే సెయ్యెట్టి తియ్యి" అనేది. మేస్త్రీ ఎప్పుడూ పెట్టలేదు.

నేను ఇంటరు తప్పి ఇంట్లో కూర్చున్న రోజుల్లో విజయనగరంలో ఎవరో పంచుతున్న పాముల కరపత్రం దొరికింది. అది చదివి, ఊరిని బాగుచేసే బాధ్యత నాదేననుకున్నాను. ఒకరోజు పెద్దమ్మ ఇంటి గోడ మీద తెల్లచారల పాము కనబడింది. బొమ్మతో సరిచూసి, కట్లపామని కేకేసి, కొట్టి చంపేశాను. ఆవిడ తిట్టలేదు. చచ్చిన పాముని నా కరపత్రం మీదే పరిచింది.

"సూడు. సారలు మెడకాడే మొదలైనాయి, తోకకాడికి సెరిగిపోనాయి. కట్లపాముకి మెడకాడ ఉండవు, తోకకాడ బాగుంటాయి. ఇది బల్లుల కోసం గోడెక్కినాది. ఇసం లేదు."

"బొమ్మ అలాగే ఉంది కదా పెద్దమ్మా."

"బొమ్మకి తల లేకండా ఏసినారు, నువ్వు తల లేకండా సదివినావు."

తర్వాత నాకు నీళ్ళిస్తూ ఇంకో మాట అంది. "తెలిస్తే పేరు సెప్పు, తెలీపోతే దూరం జరుగు. రెండిటికీ కర్ర అక్కర్లేదు." ఆ మాట ఇప్పటికీ నన్ను కాలుస్తూనే ఉంది.

నిన్న పదకొండో రోజు కార్యం. పిల్లల్లేని పెద్దమ్మకి కర్మ చేసింది ఆవిడ మరిది. టెంటు వెయ్యాలంటే గోగుకట్టలు తియ్యాలి. నలుగురు కర్రలు పట్టుకుని దిగారు.

"మా వదినని తిన్నదాన్ని ఈవేళ ఒదల్ను" అన్నాడు మరిది.

"అక్కడుండేది జెర్రిపోతు మావా, ఎలకల కోసం ఉంటుంది. పెద్దమ్మ గుండె ఆగి పోయింది. డాక్టరు రాశాడు కదా" అన్నాను.

"నీ కాగితాలు నీకాడెట్టుకోరా. ఇంటరు గట్టెక్కనోడు పాముకి ఒకాల్తా పుచ్చుకున్నాడు."

అందరూ నవ్వారు. ఆవిడ పక్కన ఏళ్ళ తరబడి గోగు కోసిన ఆడవాళ్ళు అరుగు కింద తలెత్తకుండా కూరలు తరుగుతూ కూర్చున్నారు. నాకు వాళ్ళ మీదే ఎక్కువ మండింది. "ఆవిడ దగ్గర ఇదేనా నేర్చుకున్నది?" అని వాళ్ళనీ తిట్టాను. ఒకడి చేతిలో కర్ర లాక్కుని, కట్టల ముందు నేలని మూడుసార్లు కొట్టాను.

ఆడవాళ్ళంతా లేచారు. రెండడుగులు వెనక్కేసి ఆగారు. ఒకరినొకరు చూసుకోనైనా లేదు.

అడుగు కట్ట కింద నుంచి పాము వచ్చింది. పొడుగ్గా, పసుపుపచ్చగా, తొందర లేకుండా. మరిది కర్రెత్తాడు.

"జెర్రిపోతు" అంది వాళ్ళలో పెద్దావిడ. "దారియ్యి మావా."

ఆయన కర్ర దించలేదు, కొట్టనూ లేదు. పాము ఆ నలుగురి కాళ్ళ మధ్య నుంచి చేలోకి వెళ్ళిపోయింది.

మట్టిలో వంకర గీత ఒకటి మిగిలింది. సాయంత్రం దాకా ఆ ఆడవాళ్ళు అన్నం గిన్నెలు మోసుకుంటూ దాన్ని దాటుకుంటూనే తిరిగారు. ఒక్కరూ తొక్కలేదు.