టీచరమ్మ పోగేసిన కాదు, లేదు, వద్దు

మాధవరంలో మా పక్కింటి టీచరమ్మ వారం కిందట పోయారు. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు, భయం పట్టుకుంది. ఆమె పని ఒకటి నా చేతిలో చెడిపోయి ఉంది.

గుంటూరు నుంచి వచ్చిన నాకు ఈ వీధిని అలవాటు చేసింది ఆమే. రిటైరయ్యాక ఆమెకు ఒకటే వ్యాపకం. తరాలుగా ఈ తమిళ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లు ‘కాదు, లేదు, వద్దు’ అని ఎలా అంటారో నోటుబుక్కుల్లో రాసుకునేవారు. అందుకోసం టి. నగర్ చీరల కొట్లలో బేరాలు వింటూ గంటలు కూర్చునేవారు. ఒక్క చీరా కొనేవారు కాదు.

"ఔననేదానికి తల ఊపితే చాలమ్మా. కాదనాలంటే నోరు తెరవాల. ఆడ తెలుస్తాది, మాట ఎంత మారిందో" అనేవారు.

అవ్వలు ‘ఎరగను’ అంటే కూతుళ్లు ‘తెలీదు’ అంటారు, మనవరాళ్లు తమిళంలో ‘తెరియాదు’ అనేస్తారు. ‘తినలేదు’ నోళ్లలో అరిగి అరిగి ‘తిన్లా’ అయింది. ఆ అరుగుదలంటే ఆమెకు ముద్దు.

నేను ఇంట్లో డీటీపీ చేస్తాను. శుభలేఖలు, స్కూలు గైడ్లు. ఎన్నూరులో ఉన్న తన వదిన మాటలు రాసిన నోటుబుక్కు ఆమె నాకిచ్చారు. అలవాటు కొద్దీ ప్రతి ‘లా’నీ ‘లేదు’గా దిద్దుకుంటూ టైపు చేసేశాను. తప్పులు సరిచేశానని మురిసిపోయాను కూడా. ఈలోగా వానలకు ఇంట్లోకి నీళ్లొచ్చి అసలు నోటుబుక్కు ముద్దయిపోయింది.

నా కాగితాలు చదివి టీచరమ్మ కళ్లజోడు తీసేశారు. తిట్టినా బాగుండేది.

"ఇది మా వదిన కాదమ్మా. ఆమె నోట్లో నీ మాట పెట్టినావు. సరేలే, ఆదివారం పోయి మళ్లీ అడుగుదాం."

ఆ ఆదివారానికి ఆమె ఆసుపత్రిలో ఉన్నారు.

నిన్న ఒక్కదాన్నే ఎన్నూరు వెళ్లాను. లారీల మధ్య బస్సు కదలదు. వదినగారికి ఎనభై దాటాయి. నన్ను చూసి ఆమె కూడా పుస్తకం తెలుగు మొదలెడితే? దారంతా అదే గుబులు.

గుమ్మంలోనే మనవరాలు ఆపింది. "అవ్వకి విషయం తెరియాదు ఆంటీ. గుండె వీక్. నీంగళుం సొల్లాదీంగ, ప్లీజ్." టీచరమ్మ పోయిన సంగతి చెప్పనని తలూపాను.

అనుకున్నంతా అయింది. నా పెన్ను చూసి పెద్దావిడ కొంగు సర్దుకుని కూర్చుంది. ఏమడిగినా "నాకు తెలియదండీ" అంటుంది. పెన్ను సంచిలో పడేశాను. అప్పుడామె నా వెనక వీధిలోకి చూసింది.

"ఒక్కదానివే వచ్చినావా? మా ఆడబిడ్డ రాలా?"

నా చెయ్యి సిగ్గు లేకుండా పెన్ను కోసం వెళ్లింది. ఆమె మాత్రం జవాబు కోసం నా మొహంలోకి చూస్తోంది.

"రాలా" అన్నాను.

ఆమె చాప మీద కాస్త జరిగి, ఇంకొకరు కూర్చునేంత చోటు చేసి, మళ్లీ వీధి వైపు చూసింది.