కమాను కింద పేరు

మొన్న మా కోడలు సెల్‌ఫోనులో ఫోటో చూపించి, ఆదోని పక్క మన చిన్న స్టేషన్ పగలగొడతాండారంట మామా అనేసరికి, నలభై అయిదేండ్లుగా ఆ ప్లాట్‌ఫారం తొక్కని నేను, గుంతకల్లుకు కూడా పంతం కొద్దీ బస్సులోనే పోయివచ్చిన నేను, చెప్పులేసుకుని బయల్దేరినాను. ఒకడి పేరు చెరిగిపోయిందో లేదో కళ్లారా చూడాల.

మాది రాళ్లు చెక్కే ఇల్లు. డెబ్బైల చివర ఆ స్టేషన్లో పట్టాల కింద నడిచే దారికి రాతి కమాన్లు కట్టింది మా అబ్బ, నన్ను కన్న తండ్రి. పత్తి మూటలు నెత్తినెత్తుకున్న ఆడోళ్లు తల వంచకుండా పోవాలని కమాను జానెడు ఎత్తు పెంచినాడు, వాన నీళ్లు నిలవకుండా నేలను వాలుగా పరిచినాడు. మా పనిలో ఒక ఆచారముండేది: కమాను నిలబడేదాకా కింద ఆనింపుగా పెట్టిన చెక్కలు తీసేనాడు కట్టినవాడే దాని కింద నిలబడాల, కూలితే ముందు వాని మీదనే కూలాల. మా అబ్బ తలకు కొత్త రుమాలు చుట్టుకుని నిలబడినాడు. చెక్కలు తీసినారు, ఇసుక రేణువు కూడా రాలలేదు. అప్పుడొచ్చినాడు కంట్రాక్టరు, ఫోటోలు తీసేవాణ్ణి వెంటబెట్టుకుని. పదిమందిలో మా అబ్బను మెడబట్టి పక్కకు నెట్టి, ఆ చోట తాను నిలబడినాడు. కొత్త రుమాలు దుమ్ములో పడింది.

పైగా మెట్ల దగ్గర పెట్టే రాతి మీద తన పేరు చెక్కమని నాకే పురమాయించినాడు, మహానుభావుడు! సరేనని ఒప్పుకున్నాను. అక్షరాలు పైపైన గీకి, నల్లరంగు దట్టంగా నింపినాను. నాలుగు వానలకు రంగూ పోతుంది, వాని పేరూ పోతుంది. ఆ సంగతి మా అబ్బకు చెప్పి నవ్వితే, ఆయన నవ్వలేదు. "పేరు చెరిగితే జనం నవ్వేది వాణ్ణి గాదురా, చెక్కిన చేతిని" అని అన్నం ముందర నుంచి లేచిపోయినాడు. నేను మాత్రం వాన పడినప్పుడల్లా, పడు, ఇంకా పడు అని సంతోషపడినాను.

మొన్న చూస్తే ఆ రాయిని ఊడదీసి గోడకు ఆనించినారు. రంగు ఎప్పుడో పోయింది. పేరు పోలేదు. వేలు పెడితే గోరు మునిగేంత లోతు, ప్రతి అక్షరంలోనూ ఉలి కోత ఎడమచేతివాటంది. మా ఇంట్లో ఎడమచేత్తో సుత్తి పట్టింది మా అబ్బ ఒక్కడే. నాకు తెలియకుండా పోయి, తనను నెట్టినవాని పేరును తానే మళ్లీ చెక్కి వచ్చినాడు.

ఇప్పుడు సిమెంటు దారులు మిషన్లు పోస్తాయి, వాటి కింద ఎవరూ నిలబడరు. నా పగ చల్లారలేదు, అబద్ధమెందుకు? కూలోళ్లను అడిగి ఆ రాయిని ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను, ముక్కలు చేద్దామనే. సుత్తి ఎత్తినాను కూడా. యాడ కొట్టినా మా అబ్బ చేతి మీదనే పడుతుంది.