శెట్టిగారి మందలో గుడ్డి దూడలు

ఎనభైల తొలి సంవత్సరాల్లో నేను ఎమ్మిగనూరు ప్రాంతంలో పశువైద్యుడిగా పనిచేశాను. అప్పటికి రెండేళ్లుగా వానలు సరిగా లేవు. నందవరం దారిలో బావులన్నీ అడుగంటిపోయాయి. ఆసుపత్రికి వచ్చే పశువుల్లో సగానికి జబ్బు కంటే ఆకలే ఎక్కువ. నేను చెప్పబోయే మంద మాత్రం అలా ఉండేది కాదు. ఆ ఆవుల ఒళ్లు నిగనిగలాడుతుండేది. నన్ను తికమక పెట్టింది కూడా అదే.

ఆ మంద వీరభద్రశెట్టిగారిది. ఆదోనిలో పత్తి వ్యాపారం తమ్ముడికి అప్పగించి, నందవరం దారిలోని పొలంలో భార్య శాంతమ్మగారితో ఉంటూ మేలుజాతి ఒంగోలు ఆవులను పెంచేవారు. పది పన్నెండు ఆవులు, ఒక్క ఆబోతు. వేరే జాతి రక్తం కలవనిచ్చేవారు కాదు. ఏటా పుట్టిన వాటిలో మంచివి నిలుపుకొని తక్కినవి అమ్మేసేవారు. నిలుపుకోవడాన్ని మేము సెలెక్షన్ అంటాం. పనికిరాని దాన్ని మందలోంచి తీసేయడాన్ని కల్లింగ్ అంటాం. శెట్టిగారు రెండూ మొహమాటం లేకుండా చేసే మనిషి.

ఒక రోజు ఆయన దగ్గరి నుంచి కబురు వచ్చింది, బర్డిజో తీసుకుని రమ్మని. బర్డిజో అంటే చర్మం కోయకుండా లోపలి నరాలను నలిపి, ఆబోతును ఎద్దుగా మార్చే పెద్ద పటకారు. ఏ కోడెకో అనుకుని వెళ్లాను. తీరా చూస్తే ఆయన రాయుణ్ణి పట్టి కట్టించి ఉన్నారు. రాయుడు ఆయన ఆబోతు. నందవరం దగ్గరి ఒక ఊరివాళ్లు తమ ఊరి ఆవులన్నిటికీ అదే కావాలని అడిగి, మాట తీసుకుని ఉన్నారు.

"దీన్ని ఎద్దును సేసేయండి సారూ," అన్నారు శెట్టిగారు.

"ఎందుకు?"

ఆయన నన్ను కొట్టంలోకి తీసుకెళ్లారు. అక్కడ శాంతమ్మగారు ఒక లేగదూడ మూతిని తల్లి పొదుగు దగ్గరికి చేత్తో నడిపిస్తున్నారు. ఆమె చెయ్యి తీయగానే దూడ పక్కకు తిరిగి, గోడకు నుదురు కొట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"పుట్టు గుడ్డి," అన్నారావిడ. "ఇది రెండోది సారూ. పోయినేడు గౌరికి పుట్టింది కూడా ఇట్లే ఉండె. అది బతకలేదు."

గౌరీ రాయుడూ ఒకే తల్లి బిడ్డలు. ఈ దూడ తల్లి రాయుడి కూతురే. చిన్న మందలో రక్తం దగ్గరవుతుంది, ఇన్‌బ్రీడింగ్ అంటాం. రెండు వైపులా దాగి ఉన్న లోపం అప్పుడు పైకి తేలుతుంది. శెట్టిగారు ఈ సంగతి ఎవరో చెప్పగా విని, తప్పు రాయుడి రక్తంలోనే ఉందని తేల్చుకున్నారు. పోయిన నెలే గౌరిని సంతలో అమ్మేశారు. ఇప్పుడు రాయుడి వంతు.

"ఇంగొక గుడ్డి దూడను నా సేతుల్తో ఎత్తలేను," అన్నారు. "ఆ ఊరోళ్ల ఆవులకు కూడా ఇట్లే పుడితే నేను వాళ్ల మొగం ఎట్ల సూసేది?"

దూడ కంట్లోకి టార్చి వేశాను. కన్ను శుభ్రంగానే ఉంది. కానీ కంటిపాప వెడల్పుగా తెరుచుకునే ఉంది, వెలుతురుకు ఇసుమంతైనా ముడుచుకోలేదు. లోపల నరమే పాడైందన్నమాట. ఆయన చెప్పింది నిజం కావచ్చు. కాకపోవచ్చు కూడా. పటకారు ఒకసారి నొక్కితే మళ్లీ వెనక్కి లేదు. ఇరవయ్యేళ్లుగా ఆయన నిలబెట్టిన వంశం ఆ ఒక్క నొక్కుతో ఆగిపోతుంది. నొక్కకుండా వదిలేసి, తప్పు నిజంగా రాయుడిదే అయితే, ఒక ఊరి పశువులన్నిటికీ ఆ మచ్చ అంటుకుంటుంది. బర్డిజో సంచిలోంచి బయటికి తీయలేదు. ఏదో ఒక సాకు చెప్పి సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాను.

పొద్దు వాలాక ఆవులు ఇంటికొచ్చాయి. ముందున్న ముసలావు తిన్నగా వచ్చి నీళ్లతొట్టికి రొమ్ము కొట్టుకుంది. దాని వెనకది గేటు దగ్గర ఆగి, నేలకు ముట్టె ఆనించి, అడుగు తీసి అడుగు వేయడానికి తటపటాయించింది. రెండూ శెట్టిగారు బయటి నుంచి కొనుక్కొచ్చినవి. రాయుడితో వాటికి ఏ రక్తసంబంధమూ లేదు.

"ఇవి రోజూ ఇట్లే వస్తాయా?"

"మసక పడితే కొంచెం తడుముకుంటాండాయి," అన్నారు శాంతమ్మగారు. "అలిసిపోయి అనుకుంటి."

"ఏం మేపుతున్నారు?"

శెట్టిగారికి ఆ ప్రశ్న నచ్చలేదు. "కడుపుకేం తక్కువ సేయలేదు సారూ. జొన్నచొప్ప వామి ఉండాది. ఆదోని నుంచి పత్తిగింజలు, తవుడు తెప్పిస్తాండాను."

"పచ్చిమేత?"

"పచ్చిది యాడుంది ఈ కరువులో?"

వామి దగ్గరికి వెళ్లి చూశాను. రెండేళ్ల నాటి చొప్ప, ఎండకు తెల్లబడిపోయింది. పత్తిగింజలు ఒంటికి నిగారింపు తెస్తాయి, కండ పెడతాయి. కానీ ‘ఏ’ విటమిన్ పచ్చిమేతలోనే దొరుకుతుంది. అది లేకపోతే పెద్ద పశువుకు రేచీకటి వస్తుంది, కడుపులోని దూడకు కంటినరం నలిగిపోతుంది. ఇదంతా చెప్పాను. శెట్టిగారు నమ్మీ నమ్మనట్టు విన్నారు. నిజానికి నాకూ పూర్తి నమ్మకం లేదు. ముసలావుకు రేచీకటి ఉన్నంత మాత్రాన రాయుడి రక్తం శుభ్రమైనదని తేలదు. రెండు కారణాలూ ఒకే కొట్టంలో ఉండవచ్చు.

అప్పుడు గౌరి గుర్తొచ్చింది. "అమ్మేటప్పుడు చూలుతో ఉందా?"

"ఐదో నెల. రాయుడిదే."

"ఎవరు కొన్నారు?"

"ఎవరో నది తట్టు మనుషులంట. దళారి మాట్లాడినాడు."

రాయుడి బిడ్డను మోస్తూ ఈ చొప్ప తినకుండా బతుకుతున్నది ఆ ఒక్క ఆవే. అది దొరికితే కొంతైనా తెలుస్తుంది. గౌరి కాన్పు అయ్యేదాకా రాయుణ్ణి ఏ ఆవు మీదికీ వదలకుండా కట్టేయమన్నాను. మిగిలిన ఆవులకు విటమిన్ సూదులు వేసి, అదే విటమిన్ ఉండే సొరచేప నూనె, షార్క్ లివర్ ఆయిల్, తాగించడం మొదలుపెట్టాం. శెట్టిగారు గౌరి కోసం బయల్దేరారు.

ఆ వారాలు నాకు సరిగా నిద్ర లేదు. గౌరి కోతకు పోయి ఉంటుందేమోనని ఆయన భయం. దొరికి, దానికీ గుడ్డి దూడే పుడితే ఏం చెప్పాలా అని నా భయం. ఆయన సంతలన్నీ తిరిగి ఆ దళారిని పట్టుకుని, చివరికి సి.బెళగల్ అవతల ఒక పల్లెలో ఆవు ఆనవాలు కనుక్కున్నారు. ఇద్దరం కలిసి వెళ్లాం.

హనుమక్క అనే రైతు ఇంటి ముందు కట్టేసి ఉంది గౌరి. దాని ముందు పచ్చిగడ్డి మోపు. నదికి దగ్గర పొలం, గట్టు పొడుగునా గడ్డి. మమ్మల్ని చూడగానే హనుమక్క ఆవుకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"తిరిగి ఇయ్యను శెట్టప్పా. దుడ్లిచ్చి కొనుక్కున్నా."

"అందుకు రాలేదమ్మా," అన్నారు శెట్టిగారు. "దీనికి పోయినసారి గుడ్డి దూడ పుట్టింది. ఈతూరి కూడా అట్లే పుట్టొచ్చు. అది సెప్పిపోదామని వచ్చినా."

"ఈ మాట సంతలో సెప్పింటివా?"

"సెప్పలేదమ్మా," అన్నారాయన. హనుమక్క ఆవు వీపు మీద చెయ్యి వేసి నా వైపు తిరిగింది. "ఇంగ ఏం జేయాల సారూ నేను?"

"ఇప్పుడు పెడుతున్నదే పెట్టమ్మా. ఈనగానే కబురు చెయ్యి," అన్నాను.

కబురు వచ్చేసరికి చాలా రోజులు పట్టింది. వెళ్లేసరికి కోడెదూడ పాలు తాగి పడుకుని ఉంది. పుట్టిన కొద్ది రోజుల దాకా దూడలు చేయి ఊపినా రెప్ప వేయవు. అందుకని దాన్ని నీడలోకి తీసుకెళ్లి టార్చి వేశాను. కంటిపాప సన్నగా ముడుచుకుంది. రెండో కన్ను చూశాను. అదీ ముడుచుకుంది.

"సూస్తాదా?" అంది హనుమక్క.

"చూస్తుంది."

శెట్టిగారు వంగి దూడ నుదురు నిమిరారు. ఒక్క దూడతో అంతా తేలిపోదని ఆయనకు అక్కడే చెప్పాను. దాగిన లోపం ప్రతి కాన్పులోనూ బయటపడదు. మళ్లీ ఎదురుచూశాం. ఆ లోగా ముసలావు మసకలో తడుముకోవడం మానేసింది. నూనె తాగిన ఆవులు ఒకదాని తర్వాత ఒకటి ఈనాయి. వాటిలో రెండు రాయుడి కూతుళ్లే, రాయుడికే చూలైనవి. పుట్టిన దూడలన్నిటికీ చూపు ఉంది. అప్పుడు గాని నేను రాయుడి ముక్కుతాడు ఊరివాళ్ల చేతికి ఇవ్వవచ్చని చెప్పలేదు. ఇక దాన్ని కూతుళ్లతో మాత్రం కలపవద్దన్నాను.

కరువు ఆ ఏడూ తీరలేదు. బావి అడుగున ఊరే కాసిని నీళ్లతో పచ్చిమేత వేసినా, అది నాలుగైదు ఆవులకు మించి చాలదు. తప్పు రక్తంలో లేదని తెలిశాక కూడా శెట్టిగారు మందలో సగం పైన తీసేయవలసి వచ్చింది. ఈసారి సంతకు తోలలేదు. కొనేవాళ్లనే ఇంటికి రమ్మన్నారు. మొదటి రోజు నేనూ అక్కడ ఉన్నాను. వచ్చిన ఒకాయన మంచి ధర పలికాడు. శెట్టిగారు ధర వినిపించుకోకుండా, "మీ తట్టు పచ్చిమేత ఉండాదా?" అని అడిగారు. లేదన్నాడాయన. కాఫీ ఇచ్చి పంపించేశారు. ఆ తర్వాత నది వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. తక్కువకు అడిగాడు. ఆయనకు గౌరి సంగతి, గుడ్డి దూడల సంగతి, అన్నీ చెప్పి, నూనె ఎట్లా తాగించాలో శాంతమ్మగారితో చూపించి, ఆవును పంపారు.

ఏ పశువును నిలుపుకోవాలో, దేన్ని తీసేయాలో మాకు కాలేజీలో బాగానే నేర్పారు. మోపురం, గంగడోలు, తల్లి పాలు, తండ్రి వంశం అన్నీ చూడమన్నారు. తీసేసిన పశువు ఎవరింటికి పోతుంది, అక్కడ ఏం తింటుంది, దాని గురించి కొనేవాడికి ఏం చెప్పాలి అన్నవి మా పాఠాల్లో లేవు. అవి నేను ఆ రోజు శెట్టిగారి వాకిట్లో నేర్చుకున్నాను.