సాయవ్వ చించిన నోటుబుక్కు

ఎల్లారెడ్డి వెళ్లాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట. కామారెడ్డిలో రైలు దిగగానే టిఫిన్ చేసేయండి. నేను చేయలేదు, మధ్యాహ్నం దాకా అనుభవించాను.

నేనూ నా మిత్రుడూ కలిసి ఏడాదికి ఒకటో రెండో కవితల పుస్తకాలు అచ్చువేస్తుంటాం. మొన్న కామారెడ్డిలో ఒక సభలో గంగామణి అనే బీడీ కార్మికురాలు రెండు కవితలు చదివింది. ఐదో తరగతిలో బడి మాని బీడీల చాట ముందేసుకున్న మనిషి. భర్త దుబాయి వెళ్లి పెట్టెలో తిరిగొచ్చాడు. ఇద్దరు ఆడపిల్లల్నీ ఆ చాటతోనే పెంచింది. పుస్తకం వేద్దామన్నాను. "ఇంటికాడ నోటుబుక్కుల ఇరవై ఒకటి ఉన్నయి సారూ, వచ్చి తీస్కపోండ్రి" అంది. ఫొటోలు తీసి పంపమంటే, "ఫోన్ల పంపితే ఇచ్చినట్టుంటదా?" అని నన్నే అడిగింది.

ఉదయం ఏడింటికి సికింద్రాబాద్‌లో రైలెక్కాను. ఎదురుగా దోమకొండ ఊరి పెద్దాయన కూర్చున్నాడు. ఏం పని మీద పోతున్నావంటే కవితల కోసమని చెప్పాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"మా దిక్కు మక్కలు కొనేటోళ్లు వస్తరు, వడ్లు కొనేటోళ్లు వస్తరు. గివి కొనేటోన్ని నిన్నే సూసిన."

తొమ్మిదిన్నర దాటాక కామారెడ్డిలో దిగాను. బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఇడ్లీ వైపు చూస్తూనే పరుగెత్తి ఎక్కేశాను. బస్సు నిండా ఆడవాళ్లే, వాళ్లందరికీ ప్రయాణం ఉచితమే. "ఈ మూల నువ్వొక్కనివే గిరాకీ సారూ" అంటూ కండక్టరమ్మ నాకు టికెట్టు కొట్టింది. చుట్టుపక్కల సీట్లన్నీ నవ్వాయి. ఎందుకు పోతున్నావని అడిగితే ఆమెకూ కవితల కోసమనే చెప్పాను.

పదకొండున్నరకు ఎల్లారెడ్డి చేరాను. బస్టాండు నుంచి గంగామణి ఇంటికి పది నిమిషాల నడక. వరండాలో గంగామణితో కలిపి నలుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. తునికాకు కత్తిరించడం, తంబాకు వేయడం, చుట్టడం, దారం కట్టడం. ఎవరూ చేయి ఆపలేదు. మంచినీళ్లు తాగాక గంగామణి తల వంచుకునే చెప్పింది.

"నోటుబుక్కు లేదు సారూ."

పక్కనున్న సాయవ్వ కళ్లు తుడుచుకుంది. అరవై దాటిన మనిషి, చదువు రాదు. తన బీడీలూ గంగామణి బీడీలూ కార్ఖానాకు తీసుకెళ్లేది ఆమే. మొన్న బయలుదేరేసరికి వాన పడుతోంది. తడిసిన బీడీలను కార్ఖానాలో పక్కన పారేస్తారు, రోజంతా చేసిన పని మట్టిలో కలుస్తుంది. గంగామణి ఇంట్లో లేదు. గూట్లో మందంగా ఒక పుస్తకం కనబడింది. సాయవ్వ కాగితాలన్నీ చించి గంపలో కట్టల చుట్టూ సర్దింది. ఒక్క బీడీ తడవలేదు. కాగితాలు మాత్రం కార్ఖానా ముందు బురదలో ముద్దయ్యాయి.

"పిల్లల పాత నోటుబుక్కు అనుకున్న బిడ్డా" అంది నాతో.

నాకు కోపం వచ్చింది. అందులో సగం ఆకలిదే. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు కాబట్టి సగం తగ్గింది. మిగతా సగంతోనే అడిగాను: "మళ్లీ రాయలేవా అక్కా?"

"రాసినంక నాకు యాది ఉండదు సారూ. చుట్టుకుంటనే అల్లుత. కట్టకు ఇరవై ఐదు బీడీలు. కట్ట ముడేసేసరికి కవిత గూడ ముడివడాలె. వీళ్లకు చెప్పి చూసుకుంట. పొద్దుగూకినంక రాస్త."

వీళ్లకు చెప్పి! నేను అప్పుడు సాయవ్వ వైపు చూశాను. ఆమె చుడుతూనే మొదలుపెట్టింది.

"పొద్దుగూకినంక సూసుకుంట
నా వేళ్లు నా దగ్గర్నే ఉన్నయా అని..."

నేను కలం తీశాను. ఆమె చెబుతుంటే మిగతా ఇద్దరూ మాట తప్పితే దిద్దారు, గంగామణి తలూపింది. మూడింటికల్లా ఇరవై కవితలు నా పుస్తకంలోకి వచ్చాయి.

"ఇరవై ఒకటోది పోయినట్టే" అంది గంగామణి. "మా ఆయిన మీద రాసిన. ఎవ్వలకు చెప్పలే."

"నాకు ఎర్కే" అంది సాయవ్వ మెల్లగా. "రాసేటప్పుడు నీ పెదవులు కదుల్తయి. నేను పక్కకే గద ఉంట" అంటూ ఆమే అందుకుంది.

"నువ్వు పంపిన సెంటు సీస మూత తియ్యలే.
తీస్తే నువ్వు అయిపోతవని
తంబాకు వాసనల్నే ఉన్న."

చాట ముందు గంగామణి చేతులు ఆగడం నేను చూసింది అదే మొదటిసారి. నా కళ్లు నిండాయి, దాచుకోలేదు. కాసేపటికి గంగామణి మళ్లీ ఆకు అందుకుంది.

"రాస్కో సారూ. పుస్తకంల సాయవ్వ పేరు గూడ వెయ్యి."

"నా పేరు ఎట్లుంటదో రాసి సూపియ్యి బిడ్డా" అంది సాయవ్వ. ఒక కాగితం మీద పెద్దగా రాసిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి కొంగున కట్టుకుంది.

నాలుగింటి బస్సులో మళ్లీ ఆ కండక్టరమ్మే. "దొరికినయా సారూ?" అంది. దొరికాయన్నాను. కామారెడ్డిలో ఈసారి బుద్ధిగా ఇడ్లీ తిన్నాను. ప్లాట్‌ఫారం మీదకు వచ్చేసరికి వాన అందుకుంది. పుస్తకాన్ని చొక్కా లోపల దోపుకుని పరుగు తీశాను, నాలుగడుగుల తర్వాత నాకే నవ్వొచ్చింది. ఇది తడిసినా ఏం కాదు, మళ్లీ ఎల్లారెడ్డి వెళ్తాను. సాయవ్వ దగ్గరే అసలు ప్రతి ఉంది.