నా కళ్ళు పడిన చక్రం

నా నోటి నుంచి "బాగుంది" అనే మాట వస్తే మా అత్తగారింట్లో అందరూ ఉలిక్కిపడతారు. పెళ్ళయిన కొత్తలో ఐరాలలో వాళ్ళ పాడి ఆవు పక్కన నిలబడి "అబ్బా, ఏం పొదుగు" అన్నాను. ఆ వారమే అది పాలు పితకబోతే తన్నడం మొదలుపెట్టింది. ఇంకోసారి దొడ్లో మామిడిచెట్టును చూసి "ఏం కాపు" అన్న సాయంత్రమే గాలివాన వచ్చి పిందెలన్నీ రాల్చేసింది. బంగారుపాళ్యం దాకా తోటలన్నీ రాలాయి గదా, అవన్నీ నేనే చూశానా అని అడిగాను. "సూసే ఉంటావు, ఆ దావనే గదా వచ్చింది" అంది మా అత్త. కొత్త మిక్సీ సంగతి నేను చెప్పను.

అప్పటినుంచి నేను గడప బయట చెప్పులు విడుస్తుంటే లోపల పసిపిల్లల ముఖాల మీద గుడ్డ కప్పుతారు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. ఆ నరుణ్ణి నేనేనని మా అత్త ఎప్పుడో తేల్చేసింది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇలాంటివి నమ్మేవాణ్ణి కాదు.

నాది బంగారుపాళ్యం. ట్రాక్టరు, దాని వెనక ట్రైలరు, అదే నా బతుకు. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు తోలుతాను. మిగతా కాలమంతా ఇటుకలు, ఎరువు, ఎవరు ఏది చెబితే అది. ట్రాక్టరు మార్చాను గానీ ట్రైలరు మాత్రం మా నాయన కాలందే. ఇక నా షడ్డకుడు, అంటే నా భార్య చెల్లెలి మొగుడు, తిరుపతిలో టైల్స్ అంగడి పెట్టి బాగా కూడబెట్టాడు. ఇంటికి పెద్దల్లుణ్ణి నేను. కానీ ఇద్దరం పక్కపక్కన భోజనానికి కూర్చుంటే నాకు పప్పులో నెయ్యి పడేది, వాడికి నెయ్యిలో పప్పు పడేది. అయినా ఓర్చుకున్నాను. వాడు ఆ చక్రాల ఇల్లు కొనేదాకా ఓర్చుకున్నాను.

జీపు వెనక తగిలించుకుని తిరిగే బండి అది. లోపల పరుపులు, పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, అద్దాల కిటికీలకు పూల తెరలు, ఒక మూల మరుగుదొడ్డి కూడా. ఎక్కడో దూరాన తయారు చేయించి లారీ మీద తిరుపతికి తెప్పించుకున్నాడు. మొదటిసారి రోడ్డెక్కించి కాణిపాకం తీసుకుపోయి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, మధ్యాహ్నానికి ఐరాలలో అత్తగారింటి ముందు నిలిపాడు. మర్నాడు పొద్దున్నే అక్కణ్ణుంచి ఊటీ ప్రయాణం. వాడి కుటుంబం, మా అత్త, నా భార్య. అందరూ కూర్చునేది జీపులోనే, దిగాక ఉండేది బండిలో.

నన్నెవరూ పిలవలేదు. "అన్నకు ఫ్యాక్టరీ పనుంటాది గదా, రాలేడులే" అని వాడే తేల్చేశాడు. కాయలు అయిపోయి, ఫ్యాక్టరీ గేట్లకు తాళం పడిన సంగతి వాడికి తెలియదా? రోజూ ఆ గేట్ల ముందున్న హైవే మీదే తిరుగుతాడు.

నా భార్యను మోటార్ సైకిల్ మీద దిగబెట్టడానికి వెళ్ళి, అప్పుడే వచ్చి నిలిచిన ఆ బండిని చూశాను. కడిగిన ముత్యంలా ఉంది. మా అత్త ఎక్కి పరుపు మీద కూర్చుంది, దిగమంటే దిగదు. నేను దగ్గరికి పోతుంటే నా భార్య మోచెయ్యి గిల్లి, "నోరు తెరవాకు" అంది. తెరవలేదు. కానీ కళ్ళు మూసుకుని నడవలేను కదా. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అని ఊరికే అనలేదు, నిజంగానే మండాయి. వాడిదీ రెండు చక్రాల ట్రైలరే, నాదీ రెండు చక్రాల ట్రైలరే. వాడిది కదిలితే షికారు, నాది కదిలితే బాడుగ.

అంతకంటే ఎక్కువ మండింది నా భార్యను చూసి. ఆమె పొయ్యి పైనున్న చిన్న అలమర తలుపు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. "ఈడ గ్లాసులు పెట్టుకోవచ్చు" అంది, ఎవరితోనో కాదు, తనలో తనే. ఊటీకి తీసుకుపోతానని పెళ్ళయినప్పటి నుంచి నేనే చెబుతున్నాను. కాయలు అయిపోయినాక పోదాం, ఇటుకల బాడుగ అయినాక పోదాం. ఇప్పుడు పక్కింటివాళ్ళ స్వెటరు అడిగి తెచ్చుకుని, తన బట్టల సంచితో పాటు వాడి బండిలో పెట్టుకుంది.

అక్కడ నిలబడలేక కిందికి దిగాను. దిగగానే నా చెయ్యి దానంతట అది చక్రం మధ్యకు పోయింది. ఇది మా నాయన నేర్పిన అలవాటు. బండి ఎక్కడ నిలిపినా, టీ తాగే ముందే, చక్రం నడిమధ్య మూత మీద చెయ్యి వెనకతట్టు ఆనించి చూడాలి. వెచ్చగా ఉంటే మంచిదే. కాలితే లోపల బేరింగు ఏడుస్తోందని అర్థం. ఎడమ చక్రం గోరువెచ్చగా ఉంది. కుడి చక్రం మీద చెయ్యి నిలవలేదు.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నా మనసులో మొదట పుట్టింది భయం కాదు, సంతోషం. ఇంత తెల్లటి బండికి, ఇన్ని తెరలకు, ఇంత పూజకు లోపల బేరింగు ఎండిపోయి ఉంది. ఆ సంతోషం ఎంతసేపో నిలవలేదు. ఘాట్ రోడ్డు మలుపులో ఆ బేరింగు పట్టేస్తే చక్రం బిగుసుకుంటుంది, లేదా ఊడిపోతుంది. వెనక అంత బరువు అడ్డం తిరిగితే ముందున్న జీపును కూడా లాగేస్తుంది. ఆ జీపులో నా భార్య ఉంటుంది.

చెబితే నీ కళ్ళు పడ్డాయంటారు. చెప్పకుండా ఏదైనా అయితే అప్పుడూ అదే అంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి షడ్డకుణ్ణి పక్కకు పిలిచాను.

"అబ్బా, కుడి చక్రం కాగతా ఉండాది. ఒకసారి ఇప్పి సూద్దాం."

"కొత్తది గదన్నా. ఎండకు కాగింటాది."

"ఎండ రెండు పక్కలా ఒకటే గదా కొట్టేది?"

వాడు బండి చేసినవాళ్ళకు ఫోన్ చేశాడు. సంవత్సరం దాకా చక్రాలను తాకనక్కర్లేదన్నారట. ఆ మాట అందరికీ వినబడేలా చెప్పాడు. మా అత్త బండి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏంటికి ఇప్పేది? నిమ్మకాయలు తొక్కిచ్చిన బండి అది. మొదటి పయనం కాకముందే చక్రం ఇప్పితే ఆ పయనం సాగదు."

"కాగతా ఉండాదత్తా."

ఆమె నన్ను తేరిపార చూసింది. "నువ్వు సెయ్యి పెట్టినాకనే గదా నాయనా, కాగింది?"

నా భార్య నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆమెకు సిగ్గేసింది, నా మీదనో వాళ్ళమ్మ మీదనో నాకు తెలియలేదు. కోపం వస్తే బండెక్కి ఇంటికి పోవడం నాకు అలవాటు. మోటార్ సైకిల్ తాళం చేతిలోకి తీసుకున్నాను కూడా. మీ పయనం, మీ నిమ్మకాయలు, మీరే పడండి అనుకున్నాను. అప్పుడు తెరిచిన గుమ్మంలోంచి పరుపు మీదున్న సంచి, దానిపైన మడత పెట్టిన స్వెటరు కనబడ్డాయి.

తాళం జేబులో వేసుకున్నాను.

"అవునత్తా, నా కండ్లే పడినాయి" అన్నాను. "వచ్చినప్పట్నించి కుళ్ళుకుంటానే ఉండా. ఆ పరుపు సూసి కుళ్ళుకున్నా, ఆ పొయ్యి సూసి కుళ్ళుకున్నా. నా కండ్లు దిగింది ఆ కుడి చక్రం మీదనే. కండ్లు పడినోడే ఇప్పి, కడిగి, మళ్ళా బిగిస్తే గానీ ఈ దిష్టి పోదు."

అలాంటి శాస్త్రం ఎక్కడా లేదు. కళ్ళు పడినవాడి కాలికింది మట్టి తీసి, ఉప్పు, ఎండుమిరపకాయలతో కలిపి నిప్పుల్లో వేయడం మా వైపు ఉంది. చక్రం విప్పడం నేను అప్పటికప్పుడు కలిపాను. కానీ కుళ్ళుకున్నానన్నది మాత్రం అక్షరాలా నిజం. అందుకే కాబోలు, ఎవరికీ అనుమానం రాలేదు.

మా అత్త ముఖం విచ్చుకుంది. ఆవు తన్నిన నాటినుంచి ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. "ఇన్నేండ్లకు ఒప్పుకున్నావు నాయనా" అంది, చాలా మెత్తగా. "సరే, ఇప్పు. నేను మిరపకాయలు తెస్తా. కాలు పక్కకు తియ్యి, మట్టి తీసుకోవాల."

రోడ్డు మీది అంగట్లో గ్రీజు డబ్బా, నట్టు కదలకుండా వేసే కొత్త స్ప్లిట్ పిన్నులు తెచ్చాను. జీపులోని జాకీతో బండిని లేపి, చక్రం, దాని నడిమి మూత తీశాను. పిన్ను లాగి నట్టు విప్పబోతే రాలేదు. దాన్ని బిగించినవాడు ఇక జన్మలో ఎవరూ విప్పకూడదని బిగించినట్టున్నాడు. అది ఊడి వచ్చాక బేరింగును చేతిలోకి తీసుకుంటే అంచున అక్కడక్కడా రెండు గ్రీజు మరకలు, అంతే. రోలర్లు అప్పుడప్పుడే రంగు తిరుగుతున్నాయి, ఇంకా గీతలు పడలేదు. నా భార్య అదృష్టం అనుకున్నాను.

నేను నిర్దోషినని చెప్పడానికి నా చేతిలో సాక్ష్యం ఉంది. ఊరుకోలేకపోయాను. ఎండు బేరింగును మా అత్త ముందు పెట్టి, "సూడత్తా, చేసినోళ్ళు గ్రీజే పెట్టల్యా" అన్నాను.

ఆమె దాన్ని వంగి చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నీ కండ్లకు గ్రీజంతా ఆరిపోయింది గదా నాయనా."

నేను షడ్డకుడి వైపు చూశాను. వాడికి అర్థమైంది. టైల్స్ అమ్మేవాడికి నాసిరకం పని తెలియకుండా పోదు. అయినా వాడు నోరు విప్పలేదు. విప్పితే బండి తక్కువదని ఒప్పుకోవాలి. నలిగిన నిమ్మకాయ ముక్కను చెప్పుతో తోస్తూ నిలబడ్డాడు.

డీజిల్‌తో బేరింగు కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాను. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచును దాంట్లోకి నొక్కుతూ తిప్పుతూ పోవాలి. మురుకుల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు రోలర్ల సందుల్లోంచి గ్రీజు అవతల ఉబికి రావాలి. అప్పుడే లోపలిదాకా పోయినట్టు. లోపలి బేరింగుకూ అలాగే పెట్టాను. ఇరుసు మీద ఒక్క మట్టి రేణువు లేదు, కొత్త గిన్నెలా మెరుస్తోంది. దాన్ని చూసి కూడా కుళ్ళొచ్చింది. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, కొద్దిగా వదులు చేసి, పిన్ను వేశాను. పైనా కిందా పట్టుకుని ఊపితే కదల్లేదు. ఒక తోపు తోస్తే చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. ఎడమ చక్రానిది కూడా విప్పాను. నా రెండో కన్ను దాని మీద పడిందని చెబితే ఎవరూ కాదనలేదు.

ఈలోగా నిప్పుల మీద మిరపకాయలు మాడుతున్నాయి. ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే బలంగా ఉన్నట్టు. "ఘాటే రాల్యా సూడండి, ఎంత దిష్టో" అని మా అత్త అందరినీ పిలిచి చూపించింది. గాలి నా వైపు కొడుతోంది. నేను తుమ్ముతూనే ఉన్నాను. అది లెక్కలోకి రాలేదు.

మర్నాడు వాళ్ళు బయల్దేరేటప్పుడు షడ్డకుడు ఏదో మరిచిపోయినట్టు జీపు దిగి నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, నిలిపిన కాడంతా సెయ్యి పెట్టి సూడాల్నా?"

"సూడు. సెయ్యి ఎనకతట్టు పెట్టు."

తల ఊపి వెళ్ళిపోయాడు. వాడి నుంచి అంతకంటే ఎక్కువ నేను ఆశించలేదు. నా భార్య కిటికీలోంచి చూసింది గానీ ఏమీ అనలేదు. అందరి ముందూ మొగుడు కుళ్ళుబోతునని ఒప్పుకున్నాక ఏ ఆడదైనా ఏమంటుంది?

బంగారుపాళ్యం వచ్చేశాను. మూడో రోజు ఇటుకలు దించి నా ట్రైలరు అంచున కూర్చుని ఉంటే ఆమె ఫోను నుంచి ఫొటో వచ్చింది. వెనక మబ్బు దిగిన కొండ. బండి గుమ్మంలో స్వెటరు వేసుకుని, చేతిలో ఆ అలమరలోని గ్లాసు పట్టుకుని కూర్చుంది. ఎవరు ఏమన్నారో, పక్కకు తిరిగి నవ్వుతోంది. అలా నవ్వడం నేను చూసి చాలా కాలమైంది. ఫొటో కింద "ఎట్లుండా?" అని రాసి పంపింది.

కడుపు మండింది. ఆ గ్లాసు మీద, ఆ మబ్బు మీద, ఆమెను నవ్వించిన మనిషి మీద మండింది. అయినా ఎంత బాగుంది. "బాగుండావు" అని టైపు చేశాను. పంపడానికి వేలు పెట్టి ఆగిపోయాను. ఆవు, చెట్టు, మిక్సీ, అన్నిటికీ ఇన్నేళ్ళు మా అత్తతో వాదించాను. అవన్నీ ఉత్త మాటలని నాకు తెలుసు. కానీ వాళ్ళింకా కొండ దిగాలి.

ఆ మాట చెరిపేసి, "చక్రం మీద సెయ్యి పెట్టి సూసినారా?" అని పంపాను.