సిలోనులో పది రోజులు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటుంటే మా వీధి అమ్మాయి ఒకతె వచ్చి నా చేయి పట్టుకుంది. ఏదో దేశంలో పిల్లలకు వేసవి శిబిరమట, అక్కడ సేవ చేయడానికి పోతోందట. "అమ్మమ్మా, నువ్వు ఆ కాలంలోనే పోయినావంట గదా. ఏమేం తీసకపోవాల?" అని అడిగింది. ఉన్ని చొక్కా పెట్టుకోమన్నాను, మంచి టార్చిలైటు కొనుక్కోమన్నాను. చెప్పాల్సిన అసలు సంగతి మాత్రం చెప్పలేదు. అప్పటినుంచీ ఇంట్లో ఒకచోట కుదురుగా ఉండలేకపోతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో గుర్తురాదు.

కుదురు లేకపోవడం నాకు కొత్త కాదు. తెల్లవాళ్ళు నేడో రేపో పోతారని అందరూ చెప్పుకుంటున్న రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు, చిత్తూరులో ఆడపిల్లల బడిలో టీచరుని. సాయంత్రం గంట కొట్టగానే ఏదో ఒక వంక పెట్టుకుని రైల్వే స్టేషనుకు పోయేదాన్ని, పాకాల వైపు పోయే బండినీ కాట్పాడి వైపు పోయే బండినీ చూసి ఇంటికి వచ్చేదాన్ని. "ఎవురన్నా వస్తా ఉండారా, నువ్వు పోతా ఉండావా, ఏందే రోజూ?" అని నాయన విసుక్కునేవాడు. ఆయన చర్చిలో వాక్యం చదివే మనిషి, చదివినంతసేపు గట్టిగానూ ఇంట్లో మెల్లగానూ మాట్లాడేవాడు. అలాంటి రోజుల్లో మా బడి పెద్ద, ఒక దొరసాని, సిలోను టీ తోటల్లో కూలివాళ్ళ పిల్లలకు వేసవి సెలవుల్లో శిబిరం పెడుతున్నారనీ, తెలుగూ అరవమూ వచ్చి పాడగలిగిన మనిషి కావాలనీ చెప్పింది. ఆమె మాట పూర్తి కాకముందే నా చేయి పైకి లేచింది.

ప్రయాణంలో ఎక్కువ భాగం ఆగి ఉండడమే. రామేశ్వరం దగ్గర మండపం అనే ఊళ్ళో, మాకు ఏ జబ్బూ లేదని తేలేదాకా వారం రోజులు కదలనివ్వలేదు. తరువాత ఓడ, ఓడలో వాంతులు, మళ్ళీ రైలు, చివరికి లారీలో కొండ మీదికి. ఆ చలికి నేను తీసుకుపోయిన రెండు నూలు చీరలూ ఒకదాని మీద ఒకటి చుట్టుకున్నాను. అరవై మంది పిల్లలు రేకుల చర్చిలో నేల మీద కూర్చునేవాళ్ళు. కూర్చునేవాళ్ళు అనడం అబద్ధం, ఒకడిని కూర్చోబెడితే ముగ్గురు లేచేవాళ్ళు. వాళ్ళను అదిలించాల్సిన నేను కూడా పాటకూ పాటకూ మధ్య కిటికీ దగ్గరికి పోయి మంచు తొలగిందేమో చూసి వచ్చేదాన్ని. మూడోరోజు బైబిల్లో ఎడారిలో నడిచిన జనం కథ చెప్పాలి. పుట్టినప్పటినుంచీ వానా మంచూ తప్ప ఎరగని పిల్లలకు ఎడారి ఎలా చెప్పను? మే నెలలో మా బంగారుపాళ్యం దారి గురించి చెప్పాను. కాళ్ళు కాలే మన్ను, కనుచూపు మేరలో ఏ బావిలోనూ నీళ్ళు లేకపోవడం, మామిడితోపు కనిపించగానే ఎద్దులు వాటంతట అవే బండిని నీడకు లాక్కుపోవడం.

"మా యమ్మది ఆ ఊరే!" అంది వెనక వరుసలో ఒక పిల్ల. తొమ్మిదేళ్ళుంటాయి. పుట్టింది ఆ కొండ మీదే, చిత్తూరు ఎటు ఉందో తెలియదు. అయినా మాట మాత్రం అచ్చం మా వాళ్ళ మాటే.

మరునాడు తల్లి వచ్చింది. తేయాకు బుట్ట తాడు ఒరుసుకుని నుదుటి మీద గాడి పడి ఉంది. నిలబడే మాట్లాడింది. "టీచరమ్మా, ఆడ మా యన్న ఉండాడు, తోపు కాపలా. ఆయన మాట ఇనకుండా ఒకాయన ఎంటబడి వచ్చేసినాను. ఆ కట్టుకున్నోడు సచ్చిపాయ. నన్ను ఈ తోటోళ్ళు ఇడవరు. దీన్నన్నా తీసకపో తల్లీ. ఇంగొక ఏడు పోతే దీని నెత్తికీ బుట్ట తగిలిస్తారు."

నాతో వచ్చిన దొరసానిని అడిగాను. ఆమెది బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. "మనము పాటలు నేర్పుటకు వచ్చితిమి. బిడ్డలను కొనిపోవుటకు రాలేదు. ఓడ యొద్ద ఈమె ఎవరి బిడ్డ యని చెప్పెదవు?" అంది. కఠినంగా అనలేదు, ఆమె అన్నదాంట్లో తప్పూ లేదు. మీ అన్నకు కబురు చేరుస్తానని తల్లికి మాటిచ్చాను. తల్లి తలాడించింది. పిల్లకు ఏం చెప్పిందో, అసలు చెప్పిందో లేదో తెలియదు. మేము బయలుదేరే ఉదయం ఆ పిల్ల నూనె పెట్టి బిగించిన రెండు జడలతో, చంకలో మూటతో లారీ పక్కన నిలబడి ఉంది.

"అక్కా, నాకు చోటుండాదా?"

"ఇప్పుడు కాదు" అన్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. మూట ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. అంతే.

ఇంటికి వచ్చాక నా పరిస్థితి ఇంకా చెడింది. వరుసగా మూడు శనివారాలు బొగ్గుతో నడిచే బస్సులో బంగారుపాళ్యం పోయి తోపు తోపూ తిరిగాను. మామిడితోపుల్లో కాపలావాళ్ళకు కొదవా! మూడోవారం దొరికాడు. చెల్లెలి పేరు ఎత్తగానే, "దానికి నేను సచ్చిపోయినానమ్మా, పోయిరా" అని మొహం తిప్పుకున్నాడు. నాకు కోపం వచ్చింది. లారీ దగ్గర జరిగినదంతా, నేనన్న మాటతో సహా, ఆయన వీపుకే చెప్పి వచ్చేశాను. నాలుగో రోజు మా బడి గేటు దగ్గర, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. "రామేశ్వరం పోయే రైలు యాడ ఎక్కాల?" అన్నాడు.

అయితే రైలెక్కితే సరిపోయే పనా? కాగితాలు కావాలి. నేను రాసి దొరసానికి ఇచ్చేదాన్ని, ఆమె ఇంగ్లీషు చేసి తోట దొరకు పంపేది, జవాబు వస్తే అందులో ఇంకో కాగితం అడిగేవాళ్ళు. బిడ్డలను కొనిపోవుటకు రాలేదన్న మనిషే పదకొండు జాబులు రాసింది. ప్రతి జాబుకూ నేను పోస్టుమాను కోసం వీధి చివర నిలబడేదాన్ని. నాయన ఏమీ అనడం మానేశాడు, ఒక్కోరోజు ఆయనే నాకంటే ముందు పోయి నిలబడేవాడు. ఇలా ఏడాదిన్నర గడిచి, తోటవాళ్ళు ఇద్దరినీ వదిలాక, ఆ అన్న మండపం దాకా పోయి తల్లినీ బిడ్డనూ తీసుకువచ్చాడు.

చిత్తూరు స్టేషనులో దిగారు. అన్నాచెల్లెళ్ళు ఇంకా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు, కానీ ఆమె పెట్టె ఆయన నెత్తి మీద ఉంది. వెనకాల పిల్ల. జానెడు పెరిగింది. వేళ్ళ కొనలు నల్లబడి ఉన్నాయి, ఆకు గిల్లిన మచ్చ. నేను ఏదో అడగబోయాను. అది నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి, "నువ్వింత పొట్టిదానివా అక్కా!" అంది. తల్లి అదిలించింది, నేను నవ్వాను, నవ్వుతూనే దాని చేతిని నా చేతిలోకి తీసుకుని ఆ వేళ్ళు కనిపించకుండా మూశాను.

ఆ ఏడాదిన్నర మాకు పదకొండు జాబులు రాయడానికి పట్టిన కాలం. ఆ పిల్లకు మాత్రం చిన్నతనంలో మిగిలినదంతా అదే.